సింహాసనమే దేశమా?

మలయా చరిత్రను గురించి రెండు వాదాలు ప్రచారంలో వున్నాయి. సుల్తానులు శతాబ్దాలపాటు యూరపు దొరలతో పోరాడిన స్వాతంత్ర్య వీరులని వొక వాదం. వారు పిలిస్తేనే మేము వెళ్ళామని సామ్రాజ్యవాద చరిత్రకారుల వాదం. బద్ధశత్రువుల్లా కనిపించే యీ రెండింటికీ పునాది వొక్కటే: సుల్తానే దేశం.

నేను సాహిత్యం బోధించేవాణ్ణి. రాజు తప్ప నాయకుడు లేని కావ్యాలు నాకు కొత్త కాదు. మలయా రాజాస్థాన చరిత్ర ‘సెజరా మెలాయు’ కూడా అటువంటిదే. రాజు ప్రజలను అవమానించరాదు, ప్రజలు రాజుపై తిరగబడరాదు అని అందులో ఆదిపురుషుల మధ్య వొక వొడంబడిక వుంది. ఆస్థాన కవి అలా రాశాడంటే అర్థముంది. యీనాటి చరిత్రకారుడు కూడా అదే కళ్ళతో చూడడమెందుకు?

మొదటి వాదాన్ని పరీక్షిద్దాం. 1511లో అల్బుకర్క్ మలక్కాను పట్టుకున్నాడు. సుల్తాన్ మహమూద్ షా పారిపోయాడు. ఆయన సంతతి జోహోర్‌లో నిలదొక్కుకుంది. శత్రువు యెదురుగా వుండగా రాజ్యాలన్నీ వొకటయ్యాయా? లేదు. ఆచే సుల్తానులు పోర్చుగీసువారితోనూ పోరాడారు, జోహోర్‌తోనూ పోరాడారు. 1641లో జోహోర్ డచ్చివారికి తోడ్పడి పోర్చుగీసువారిని మలక్కా నుంచి వెళ్ళగొట్టించింది. కోట మీద జెండా మారింది, అంతే. 1784లో ఆ డచ్చివారితోనే పోరాడుతూ రియావు ప్రభువు రాజా హాజీ ప్రాణమిచ్చాడు. ఆయన సాహసాన్ని నేను కాదనను. కాని తగాదా మొదలైంది పట్టుబడిన వొక ఇంగ్లీషు నల్లమందు ఓడ సొమ్ములో వాటా దగ్గర! దీన్ని స్వాతంత్ర్య సమరమనడం ఆ మాటకే అన్యాయం.

యిక ‘పిలిచారు, వెళ్ళాం’ అనేవారి సంగతి. సయాం భయంతో కెడా సుల్తాను 1786లో పెనాంగ్ దీవిని ఫ్రాన్సిస్ లైట్‌కు అప్పగించాడు. కంపెనీ దీవిని పుచ్చుకుంది, రక్షణ మాత్రం యివ్వలేదు. 1791లో సుల్తాను దీవిని తిరిగి తీసుకోబోతే ఓడించి, సాలుకు 6,000 డాలర్లు ముట్టజెప్పడానికి వొప్పుకుంది. 1821లో సయాం నిజంగానే కెడాపై పడినప్పుడు వూరుకుంది. పిలుపు విన్నవాడి ధర్మం యిదా?

పెరాక్ కథ మరింత స్పష్టం. తగరపు గనుల మీద ఆశ, వారసత్వ కలహం కలిసి వచ్చాయి. 1874లో పాంకోర్ వొప్పందంతో ఇంగ్లీషువారు అబ్దుల్లాను సుల్తానుగా గుర్తించారు. ప్రతిఫలంగా ఆయన తమ రెసిడెంటు సలహాను పాటించాలి, మతాచారాలలో తప్ప. అంటే మతం సుల్తానుకు, ఖజానా దొరకు! 1875లో రెసిడెంటు బర్చ్ హతుడయ్యాడు. 1877లో మహారాజా లేలాను వురితీశారు; అబ్దుల్లాను సీషెల్స్ దీవులకు పంపారు. ఆ తిరుగుబాటును తక్కువ చేయను. కాని పన్నులు వసూలు చేసే హక్కు, అప్పు కింద బానిసలైన మనుషులు యెవరి చేతిలో వుండాలన్నదే అక్కడి కలహంలో పెద్ద భాగం. పన్ను కట్టేవాణ్ణి, బానిసను అడిగినవారు లేరు.

1883లో పెరాక్‌లో అప్పు బానిసత్వాన్ని రద్దుచేశామని దొరలు గొప్ప చెప్పుకున్నారు. ఆ కాలంలోనే మద్రాసు రాజధాని నుంచి తమిళులను, మన తెలుగువారిని వొప్పందపు కూలీలుగా మలయా తోటలకు తెచ్చారు. ఓడ కిరాయి అప్పు తీరేదాకా వారికి తోట వదిలే హక్కు లేదు. 1910 దాకా సాగిన యీ పద్ధతి పేరు బానిసత్వం కాదట!

1945 చివరలో మాక్‌మైకేల్ తెచ్చిన పత్రాలపై 9 మంది సుల్తానులూ సంతకాలు పెట్టి తమ సార్వభౌమత్వాన్ని వొదులుకున్నారు. వీధుల్లోకి వచ్చింది ప్రజలు. 1946 ఏప్రిల్‌లో మలయన్ యూనియన్ ప్రారంభోత్సవానికి సుల్తానులు వెళ్ళకపోవడం ఆ ప్రజల వొత్తిడి ఫలితమే. ఆ ఉద్యమ నాయకులలో ప్రభువంశీకులు వున్న మాట నిజం. అయినా 1948లో యూనియన్ రద్దయింది జనం కదలడం వల్లనే.

అందుచేత ఉపాధ్యాయ మిత్రులకు, విద్యార్థులకు నా మనవి: యే వొప్పందాన్ని చదివినా సంతకం దగ్గర ఆగకండి. ఆ సంతకానికి పన్ను యెవరు కట్టారు, కూలి యెవరు చేశారు అని అడగండి. మలయా చరిత్ర అక్కడినుంచి మొదలవుతుంది.