చెట్ల పేర్లు సరే, వరద మాటేంటి?

ముంబైలో ధారావిని ఆనుకుని, మీఠీ నది ఒడ్డున 37 ఎకరాల మహారాష్ట్ర నేచర్ పార్కు ఉంది. ఒకప్పుడది నగరం చెత్త పోసిన డంపింగ్ యార్డు. మట్టి కప్పి, మొక్కలు నాటి 1994లో తెరిచారు. చెత్తకుప్ప అడవైన చోటు కన్నా మంచి బడి ఏముంటుంది?

అయితే అక్కడ ఏం చెప్పాలో చుట్టుపక్కల జనాన్ని అడగాలి. దూరం నుంచి బస్సుల్లో వచ్చే పిల్లలకు సీతాకోకచిలుకలు చూపితే చాలు. ధారావి పిల్లాడి సందేహం వేరు. 2005 జూలై 26 వానకు శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్లు నమోదైంది. మీఠీ పొంగి ఇళ్లు మునిగాయి. నదికి కోపమెందుకొచ్చింది, ఒడ్డున మడచెట్లు ఎందుకుండాలి, పారేసిన ప్లాస్టిక్ కవరు ఎక్కడ అడ్డం పడుతుంది? ఆ ఒడ్డునే నిలబెట్టి చెబితే బుర్రకెక్కుతుంది.

భాష సంగతీ ఉంది. ముంబై కార్పొరేషన్‌కు తెలుగు మీడియం బడులున్నాయి. ఆ పిల్లలకు తెలుగులో చెప్పే మనిషి ఒక్కరైనా కావాలి. పాలమూరు కూలీలకు తీరిక దొరికితే ఆదివారమే, కార్యక్రమం ఆ రోజే పెట్టాలి. తిప్పతీగ, నల్లేరు గురించి వాళ్ల ఇళ్లలోని ముసలమ్మలకు ఒకరు చెప్పక్కర్లేదు. ఓ పూట వాళ్లచేతే చెప్పించొచ్చు, ఊరికే కాదు, కూలి ఇచ్చి. ఏటా బతుకమ్మ ఆడించే తెలుగు సంఘాలు ముందు ఒక అర్జీ పట్టుకుని పార్కు ఆఫీసుకు వెళ్లాలి.