వేప్ వత్తికి కట్టిన కొడి

దీపం పెట్టే అలవాటున్న ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే: ప్రమిదలో నూనె తగ్గితే వత్తి కొడి కడుతుంది. నూనె అందుతున్నంతసేపు మండేది నూనె, అందడం మానేశాక మండేది దూది. వేప్ అనే ఎలక్ట్రానిక్ సిగరెట్‌లో మంట లేదు, కరెంటుతో కాగే తీగచుట్ట (కాయిల్) ఉంది. నూనె బదులు గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, నికోటిన్, రుచి కోసం వేసే ఎసెన్సులు కలిపిన ద్రవం ఉంది. వత్తి మాత్రం చాలావాటిలో అదే దూది. కొత్త కాయిల్ వేసిన రెండు మూడు రోజులకే ఆ వత్తి గోధుమరంగుకు తిరిగి, ఆపైన బొగ్గులా మారితే వాడేవాళ్లు దూది నాసిరకమంటారు, కాయిల్ నకిలీదంటారు. ఎక్కువసార్లు అసలు దోషి సీసాలోని తీపి. ఆ తీపి ఎంతో కొనేవాడికి అంకెల్లో చెప్పి తీరాలన్నది నా వాదన.

తీపి వత్తిని ఎలా నల్లబరుస్తుందో వంటింటి భాషలోనే చెప్పుకోవచ్చు. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర, గ్లిజరిన్ 290 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ద్రవం ఆవిరవుతున్నంతసేపు తీగలోని వేడిని అదే లాక్కుపోతుంది కాబట్టి తడి వత్తి అంత తొందరగా కమలదు. కానీ ఫలరుచుల ద్రవాల్లో తీపి కోసం తరచూ కలిపే సుక్రలోజ్ ఆవిరి కాదు. 120 డిగ్రీలు దాటగానే విరిగిపోవడం మొదలై తీగకూ దూదికీ జిగురులా అంటుకుంటుంది. లేతపాకం ముదిరి, ముదిరినది మాడి, గిన్నె అడుగంటినట్టే. ఆ పెంకు కట్టాక ద్రవం దూదిలోకి సరిగా ఎక్కదు. ఎక్కకపోతే ఆ చోట వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే పెంకు ఇంకా మందమవుతుంది. చివరికి దూదే కమిలి గొంతులో చురుక్కుమంటుంది. మాడిన నూనె పొగలో కళ్లు మండించే అక్రోలిన్, గ్లిజరిన్ మితిమీరి వేడెక్కినప్పుడూ పుడుతుంది.

నివారణ ఇందులోనే ఉంది. కొత్త కాయిల్ వేశాక దూది పూర్తిగా నానేదాకా పది నిమిషాలు ఆగాలి. కాయిల్ మీద రాసిన వాట్ల హద్దు దాటకూడదు. ఒక దమ్ముకూ మరో దమ్ముకూ మధ్య వత్తి మళ్లీ తడిసే వ్యవధి ఇవ్వాలి. ట్యాంకు అడుగుకు రాకముందే నింపుకోవాలి. గ్లిజరిన్ ఎక్కువున్న చిక్కటి ద్రవాన్ని సన్నరంధ్రాల కాయిల్‌లో పోయకూడదు. ఇవన్నీ పాటించినా తీపి దండిగా ఉన్న ద్రవం పోస్తే వత్తి వారం నిలవడం కష్టం. తీపి కలపని ద్రవంతో అదే కాయిల్ ఎక్కువ రోజులు వస్తుంది.

రంగు చూసి భయపడటం అతి అని కొందరంటారు. అందులో కొంత నిజముంది. నికోటిన్ గాలి, వెలుతురు తగిలితే తనంతట తానే గోధుమరంగుకు తిరుగుతుంది, కాబట్టి లేత మరక కనబడగానే విషమని తేల్చలేం. దీనికి రెండో వైపు ఉంది, దాన్ని మాత్రం వాళ్లు ఎత్తరు. తెల్లటి వత్తి క్షేమానికి హామీ కాదు. ద్రవం మితిమీరి వేడెక్కితే పుట్టే ఫార్మాల్డిహైడ్‌కు రంగు లేదు. 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 56 మంది వాడుతున్న పరికరాలను పరీక్షించినప్పుడు, సీసాలోని ద్రవంలో కన్నా తీగను తాకి వచ్చిన ఆవిరిలో సీసం, నికెల్, క్రోమియం ఎక్కువగా కనిపించాయి. 2015లో వేప్ ఆవిరిలో ఫార్మాల్డిహైడ్ ఉందని అమెరికా నుంచి వచ్చిన అధ్యయనం మీద, అంత మాడు దమ్ము మనిషెవడూ పీల్చలేడన్న విమర్శ వచ్చింది. ఆ విమర్శ సబబే. అయితే మాడు రుచి గొంతుకు అందాలంటే తీపి దాన్ని కప్పకూడదు కదా! సుక్రలోజ్ అక్కడ రెండు పనులు చేయగలదు: వత్తిని మాడుస్తుంది, మాడిన రుచిని కొంతవరకు మరుగుపరచవచ్చు. పైగా ఆ వేడికి దానిలోని క్లోరిన్ విడివడి గ్లిజరిన్‌తో కలిసి కొత్త రసాయనాలు పుడతాయని ప్రయోగశాలల్లో తేలింది.

సిగరెట్ మానేవాడికి ఆ తీపే ఊతమన్నది బలమైన అభ్యంతరం. నికోటిన్ ఉన్న వేప్‌లు, నికోటిన్ పట్టీలూ చూయింగ్ గమ్‌ల కన్నా ఎక్కువమంది చేత సిగరెట్ మాన్పిస్తున్నాయని వైద్య పరిశోధనలను క్రోడీకరించే కోక్రేన్ సమీక్షలు చెబుతున్నాయి, దాన్ని కాదనను. కానీ తీపి ఎంతుందో రాయమంటే తీపిని నిషేధించినట్టు కాదు. నెదర్లాండ్స్ అంత దూరమూ వెళ్లింది, 2024 జనవరి నుంచి పొగాకు రుచి తప్ప మరొకటి అమ్మనివ్వడం లేదు. నేనడిగేది అంతకన్నా చాలా చిన్నది. బ్రిటన్‌లో నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు, ఆ అంకె సీసా మీద ఉండాలి. తీపికీ అలాంటి అంకె ఒకటి ఎందుకు ఉండకూడదు? ఐస్‌క్రీం డబ్బా మీద చక్కెర ఎన్ని గ్రాములో చదువుకునే మనిషికి, ఊపిరితిత్తుల్లోకి పీల్చే దాని మీద చదువుకునే హక్కు లేదా?

మన దేశంలో 2019 చట్టం వేప్‌ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రచారం అన్నిటినీ నిషేధించింది. మొదటి తప్పుకు ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. గుంటూరులో పొగాకు బోర్డు, వీధి చివర సిగరెట్ బడ్డీ యథాతథంగా ఉన్న దేశంలో ఈ చట్టం ఏపాటి న్యాయమన్నది వేరే చర్చ. చట్టం వచ్చాకా దొంగచాటు సరుకు హైదరాబాద్‌లో పట్టుబడుతూనే ఉంది. దానికి నమ్మదగిన లేబులూ లేదు, అడగడానికి దుకాణమూ లేదు. పైగా వాడి పారేసే రకాల్లో వత్తి ప్లాస్టిక్ గొట్టంలో బిగించి ఉంటుంది, నల్లబడినా కంటపడదు. చదువుకు బ్రిటన్ వెళ్లి అక్కడ చట్టబద్ధంగా కాయిల్ మార్చుకునే వేప్‌లు కొంటున్న మన పిల్లలకు వత్తి రంగు చూసుకునే ఆ ఒక్క ఆధారమైనా ఉంది. కాయిల్ విప్పి చూడండి. మూడు రోజుల్లో నల్లబడిందంటే కాయిల్ మార్చి ఊరుకోకండి, ఆ సీసా మానండి.