బ్యాటు పట్టిన చెయ్యే కలం పట్టింది

మూడు వారాల కిందట మా ఊళ్లో ఒక కథల సంపుటి ఆవిష్కరణ జరిగింది. ముఖ్య అతిథి నాకన్నా పెద్దవారు. ఆయన కథలు రెండింటిని నేను ఏళ్ల తరబడి పిల్లలకు చదివి వినిపించాను, ఇప్పటికీ ఇష్టపడతాను. అందుకే ఆయన ఆ రోజు అన్న మాటలు నన్ను వదలడం లేదు. రచయిత కావాలనుకున్నవాడు రోజుకు 14 గంటలు పుస్తకం ముందు కూర్చోవాలన్నారు. సాయంత్రం ఆటలకు పోయేవాడు ఆ సాయంత్రాన్ని సాహిత్యం దగ్గర దొంగిలిస్తున్నట్టే అన్నారు. చదవాల్సింది చదవకుండా కథ మొదలుపెట్టడం విత్తనాలు లేకుండా దుక్కి దున్నడమన్నారు. బ్యాటు పట్టిన చెయ్యి కలం పట్టదని ముగించారు. చప్పట్లు బాగానే మోగాయి.

ఆ సభలో ఉన్న ఒక అమ్మాయి సోమవారం సాయంత్రం మా ఇంటికి వచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరం, కాలేజీ బాల్ బ్యాడ్మింటన్ జట్టులో ఆడుతుంది. రెండు కథలు రాసింది, మూడోది సగంలో ఉంది.

“ఆట మానేశానండీ మాస్టారూ” అంది.

“కథ?”

“అదీ పక్కన పెట్టానండీ. ముందు చదవాల్సినవన్నీ చదివేసి, తర్వాత రాస్తాను.”

“చదవాల్సినవి ఎప్పటికి అయిపోతాయమ్మా?”

తల వంచుకుంది. ఆ తల వంచుకోవడం చూశాకే ఇది రాయాలనిపించింది. సభలో లేచి అడగలేకపోయినందుకు నాకు బాధగా ఉంది. అక్కడ అడిగి ఉంటే ఆ అమ్మాయి కూడా విని ఉండేది.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటాను. రోజంతా చదవడం గొప్ప విషయం. దాన్ని తక్కువ చేసేవాళ్ల పక్షాన నేను లేను. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైన గ్రంథాలయం. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, రిటైరయ్యాకా, నెలకొకసారి పొద్దున్నే బస్సెక్కి అక్కడికి వెళ్లి, తలుపులు మూసేదాకా కూర్చున్న రోజులు చాలా ఉన్నాయి. కొన్ని పుస్తకాలను ముక్కలు ముక్కలుగా చదివితే అవి చేతికి రావు. అంపశయ్య నవీన్ గారి ‘అంపశయ్య’నే తీసుకోండి. 1969లో వచ్చిన ఆ నవల ఉస్మానియా క్యాంపస్‌లో రవి అనే కుర్రాడి ఒకే ఒక్క రోజు. పొద్దున నిద్ర లేచిన దగ్గర్నుంచి అతని బుర్రలో తిరిగిందంతా అందులో ఉంటుంది. దాన్ని రోజుకు పది పేజీల చొప్పున నెల రోజులు చదివినవాడికి అతని అలసట అర్థం కాదు. ఒక రోజు కథను ఒక రోజులో చదివినప్పుడే, సాయంత్రానికి రవికి ఎంత ఊపిరాడకుండా పోయిందో మనకూ అంతే ఆడకుండా పోతుంది. ఆ అనుభవం కోసం ఒక ఆదివారం మొత్తం ఇచ్చేయమని నేనే చెబుతాను.

ఆ ముఖ్య అతిథి పొరపాటు ఇక్కడే ఉంది. పండగను రోజువారీ చేశారు. నెలకొక్కసారి చేసేది ప్రతిరోజూ చేయాలన్నారు, అది చేయలేనివాడు పనికిరాడన్నారు.

14 గంటలు కూర్చున్నవాడికి ఏం మిగులుతుందో నేను నా మీదే చూసుకున్నాను. వేటపాలెం నుంచి వచ్చిన రాత్రి పుస్తకం మూసేసి, ఏ అధ్యాయంలో ఏం జరిగిందో నోట్‌బుక్‌లో రాసుకునే అలవాటు ఉండేది. పొద్దున చదివిన నాలుగైదు గంటలదీ పాత్రల పేర్లతో సహా వచ్చేది. మధ్యాహ్నం తర్వాతది మసకగా వచ్చేది. చివరి రెండు గంటలదైతే మరునాడు మళ్లీ చదవాల్సి వచ్చేది. కళ్లు వరస మీద నడుస్తూనే ఉంటాయి, మనసు ఎక్కడో వెనక ఆగిపోయి ఉంటుంది. పేజీలు తిరిగాయి కాబట్టి చదివామనుకుంటాం.

జ్ఞాపకం గురించి పరిశోధన చేసినవాళ్లు ఈ మాట ఎప్పుడో చెప్పారు. జర్మన్ శాస్త్రవేత్త ఎబింగ్‌హౌస్ 1885లో వేసిన పుస్తకంలో తన మీద తానే చేసుకున్న ప్రయోగాలు రాశాడు. అర్థం లేని అక్షరాల వరసలను వల్లె వేసి, ఎన్నిసార్లు వేస్తే ఎంత గుర్తుంటుందో కొలిచాడు. ఒకే రోజు 68 సార్లు వల్లె వేస్తే వచ్చిన ఫలితం, మూడు రోజులకు పంచి 38 సార్లు వేసినా దాదాపు వచ్చేసింది. అర్థం లేని అక్షరాలు, నవల ఒకటి కాదని నాకు తెలుసు. కానీ పంచుకుని చదివితే తక్కువ శ్రమతో ఎక్కువ నిలుస్తుందన్న సంగతి ఆ తర్వాత ఎన్నో రకాల చదువుల్లో మళ్లీ మళ్లీ తేలింది. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు గద్య భాగాలిచ్చి, కొందరిని మళ్లీ మళ్లీ చదవమన్నారు, కొందరిని చూడకుండా గుర్తు తెచ్చుకుని రాయమన్నారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందున్నారు. పుస్తకం మూసి ఉంచిన సమయం కూడా చదువులో భాగమే. అది దొంగసొత్తు కాదు.

ఆ మూసి ఉంచిన సమయంలోకే ఆట వస్తుంది.

మా పక్క ఊళ్లలో సాయంత్రం ఐదు దాటితే హైస్కూలు మైదానాల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల షటిల్ వచ్చేసింది కానీ, మా దగ్గర ఇంకా పసుపు రంగు ఉన్ని బంతి ఎగురుతూనే ఉంది. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. బంతి నేల మీద పడకూడదు కాబట్టి పుస్తకం గురించి ఆలోచించడానికి వీలుండదు. ఆ ముప్పావు గంట తర్వాత ఇంటికి నడిచి వస్తుంటే, పొద్దున చదివిన అధ్యాయం ఎవరూ పిలవకుండానే తిరిగి వచ్చేది. అది నాకు ఎన్ని వందల సార్లు జరిగిందో లెక్కలేదు. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవయసువాళ్ల మీద చేసిన ఒక అధ్యయనంలో, ఏడాది పాటు క్రమంగా నడిచినవాళ్ల మెదడులో, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ భాగం సుమారు 2 శాతం పెరిగింది. వాళ్లు వయసు మళ్లినవాళ్లు, ఇరవై ఏళ్ల పిల్లకు అదే లెక్క వర్తిస్తుందని నేను అనను. కానీ ఒళ్లు కదలడం బుర్రకు నష్టమని చెప్పేవాళ్లు దానికి ఆధారం చూపించాలి. ఆయన ఏదీ చూపించలేదు.

ఆయన చూపించినవి ఉదాహరణలు. వాటి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే సభలో అందరినీ నమ్మించినవి అవే.

మొదటిది విశ్వనాథ సత్యనారాయణ గారు. ‘వేయిపడగలు’ 29 రోజుల్లో పూర్తయిందంటారు, చూడండి అదీ ఏకాగ్రత అన్నారు. ఆ 29 రోజుల వెనక ఉన్న ఏళ్ల సంగతి వదిలేశారు. విశ్వనాథ గారు చెబుతుంటే తమ్ముడు రాశారని కూడా చెప్పుకుంటాం, ఆ మాటా వదిలేశారు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో ఆ నవలతో బహుమతి పంచుకున్న ‘నారాయణరావు’ను అసలు తలవనే లేదు. అది రాసిన అడివి బాపిరాజు గారు చిత్రకారులు, న్యాయవాది, తర్వాత ‘మీజాన్’ పత్రిక సంపాదకులు. ఒక చేతిలో కుంచె, ఇంకో చేతిలో కలం ఉన్న మనిషికి, ఒక్క కలమే పట్టుకున్న మనిషితో సమానంగా బహుమతి వచ్చింది. రచయితకు ఒకటే పని ఉండాలన్న వాదానికి ఇంతకన్నా దగ్గరి జవాబు మనకెక్కడ దొరుకుతుంది?

రెండో ఉదాహరణ ఫ్రెంచ్ రచయిత కామూ. కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడేవాడు, సాహిత్యం కోసం వదిలేశాడన్నారు. ఇది తప్పు. అల్జీర్స్‌లో రేసింగ్ యూనివర్సిటేర్ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడుతున్న కామూకు 1930లో, 17 ఏళ్ల వయసులో, క్షయ వచ్చింది. ఊపిరితిత్తులు ఆటను ఆపించాయి. పుస్తకాలు ఆపించలేదు. ఒక కుర్రాడి జబ్బును త్యాగంగా చెప్పడం నాకు బాధ కలిగించింది.

నోబెల్ వచ్చినవాళ్లలో ఎవరైనా క్రికెట్ ఆడి ఉంటారా అని కూడా సభను అడిగారు. ఆడారు. శామ్యూల్ బెకెట్ డబ్లిన్ విశ్వవిద్యాలయం తరఫున నార్తాంప్టన్‌షైర్ మీద 1925లోనూ 1926లోనూ ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఆడారు. నోబెల్ వచ్చింది 1969లో, మన ‘అంపశయ్య’ వచ్చిన ఏడే.

జపాన్ రచయిత మురకామి పేరు ఎవరో శ్రోత ఎత్తితే, ఆయనది వేరే లెక్క అని కొట్టిపారేశారు. వేరే లెక్క ఏమీ కాదు. టోక్యోలో నడుపుతున్న జాజ్ బార్ మూసేసి పూర్తికాల రచయిత అయ్యాక, రోజంతా కూర్చోవడంతో ఒళ్లు పాడవుతోందని గ్రహించి 1982లో పరుగు మొదలుపెట్టారు. నవల రాసే రోజుల్లో తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఐదారు గంటలు రాసి, మధ్యాహ్నం పది కిలోమీటర్లు పరుగెత్తడమో, 1500 మీటర్లు ఈదడమో చేస్తానని, రాత్రి తొమ్మిదికి పడుకుంటానని చెప్పుకున్నారు. ఇందులో మానవాతీతం ఏముంది? ఐదారు గంటలు దాటాక కుర్చీలోంచి లేవడమే ఆయన నేర్చుకున్న విద్య.

అయినా ఈ పేర్లన్నీ నా వాదానికి సగం బలమే. మిగతా సగం కథ రాయడం ఎలా జరుగుతుందన్న దాంట్లో ఉంది.

చలాన్ని ఒక రోజంతా చదివి, రాత్రి కూర్చుని కథ రాసి చూడండి. రెండో వాక్యానికే చలం వచ్చి కూర్చుంటాడు. మూడో వాక్యం మీది కాదు. నా మొదటి ఐదేళ్ల కథలన్నీ ఇలా ఎవరో ఒకరి గొంతుతో ఉన్నవే, వాటిని నేను ఏ సంపుటిలోనూ వేయలేదు. ఇది చదవడం వల్ల వచ్చిన జబ్బు కాదు. చదువుకూ రాతకూ మధ్య ఏమీ లేకపోవడం వల్ల వచ్చింది. చెవిలో ఒకే గొంతు మోగుతున్నప్పుడు సొంత గొంతు వినబడదు. ఆ చెవిని కడగడానికి నాకు ఆట కోర్టు కావాల్సి వచ్చింది. అక్కడ వినబడే మాటలు ఏ పుస్తకంలోనివీ కావు.

మా జట్టు ఐదుగురిలో ఒక ఆర్టీసీ కండక్టరు, ఒక దర్జీ, ఒక రొయ్యల చెరువుల కౌలుదారు, ఒక బ్యాంకు గుమస్తా, నేను. బంతి గీత మీద పడిందా, అవతల పడిందా అన్న తగువు వచ్చినప్పుడు ఈ నలుగురూ నాలుగు రకాలుగా మాట్లాడతారు. కండక్టరు ముందు నెమ్మదిగా మొదలుపెట్టి చివరి మాటకు గొంతు పెంచుతాడు, బస్సులో చిల్లర అడిగినట్టు. దర్జీ ఒక్క మాటా మాట్లాడడు, వెళ్లి గీత పక్కన కూర్చుని వేలితో చూపిస్తాడు. చెరువు ఆయన ఓడిపోయిన పాయింటును నవ్వుతూ ఇచ్చేసి, తర్వాతి సర్వీసు కసిగా కొడతాడు. ఒక ఏడాది ఆయన చెరువుకు వైరస్ వచ్చి పంట మొత్తం పోయింది. అప్పుడు కూడా నవ్వుతూనే ఆడాడు, కానీ బంతి కొట్టే తీరు మారిపోయింది. ఆ మార్పు చూసి నేను రాసిన కథే నా కథల్లో నిలబడింది. గ్రంథాలయంలో 14 గంటలు కూర్చున్న రోజున అది నా కంటబడేది కాదు. ఆటలో మనిషి మర్యాద కాసేపు పక్కన పెడతాడు. కథ రాసేవాడికి అంతకన్నా విలువైన గంట ఇంకోటి ఉండదు.

ఇక విత్తనాలు, దుక్కి సంగతి. చదవడం పూర్తయ్యాక రాస్తానన్నవాడు ఎప్పటికీ రాయడు, ఎందుకంటే చదవడం పూర్తి కాదు. పైగా రాస్తున్నవాడు చదివే తీరే వేరుగా ఉంటుంది. కథ సగంలో చిక్కుకుని ఉన్నప్పుడు చదివిన పుస్తకంలో, ఆ రచయిత సన్నివేశాన్ని ఎక్కడ ఆపాడో, తల్లిపాత్రను గదిలోంచి ఎలా బయటకు పంపాడో కళ్లకు కడుతుంది. ఏమీ రాయనివాడికి అవే పేజీలు సాఫీగా జారిపోతాయి. ఆ అమ్మాయి సగం కథను చేతిలో పెట్టుకుని చదివితే ఒక్క పుస్తకం నుంచి నేర్చుకునేది, కథ అటక మీద పెట్టి పది చదివినా నేర్చుకోలేదు.

ఆటకూ ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచను. టోర్నమెంట్లు మొదలైతే ఆట ఆటగా ఉండదు. ప్రయాణాలు, ప్రాక్టీసులు, గెలవకపోతే నిద్ర పట్టని రాత్రులు. రెండేళ్ల పాటు నేను జిల్లా పోటీల వెంట తిరిగాను, ఆ రెండేళ్లలో ఒక్క కథా రాయలేదు, పెద్ద పుస్తకం ఒక్కటీ పట్టుకోలేదు. ఆయన ఈ సంగతి చెప్పి ఉంటే నేను తలూపేవాణ్ని. వినోదానికి ఆడే ముప్పావు గంటనూ, పోటీల వెంట పరుగునూ ఒకే గాట కట్టారు. అదే నా అభ్యంతరం. రోజుకు ఇన్ని గంటలు అని చీల్చి పంచమని కూడా నేను చెప్పను. రోజు చాలా చిన్నది, అందులో అన్నీ పట్టవు. వారం పడుతుంది, నెల ఇంకా బాగా పడుతుంది. రోజంతా చదివిన నాడు కథ ముట్టుకోను, ఆటకు మాత్రం వెళతాను. మరునాడు పొద్దున ఒక పేజీ రాస్తాను. ఆ పేజీ నాది అవునో కాదో చదవగానే తెలుస్తుంది.

నిన్న సాయంత్రం ఆ అమ్మాయిని కోర్టుకు రమ్మని కబురు పెట్టాను. వచ్చింది. బ్యాటు మూడు వారాలుగా మూల పడి ఉంది, గట్టింగ్ రెండు చోట్ల తెగింది. దర్జీ గారు తన బ్యాటు ఇచ్చారు. రెండు గేములు ఆడాక మైదానం అంచున కూర్చుని, అడక్కుండానే ఆ సగం కథ గురించి చెప్పడం మొదలుపెట్టింది. కథలో తల్లి ఎందుకు మాట్లాడడం లేదో మూడు వారాలుగా తేలలేదట. దర్జీ గారు గీత పక్కన కూర్చుని వేలితో చూపించడం చూశాక తేలిందట.

“ఆవిడ మాట్లాడదు మాస్టారూ” అంది. “ఆవిడ చూపిస్తుంది.”