పట్టికలో లేనివాళ్ళు

మొన్న దసరా సెలవుల్లో ఒక మిత్రుడు నాకొక పట్టిక పంపించాడు. "ఉచ్ఛ శని జాతకులు: ప్రపంచాన్ని మార్చిన మహానుభావులు" అని దాని శీర్షిక. కింద వరుసగా పేర్లూ పుట్టినరోజులూ ఉన్నాయి. కమలహాసన్, 1954 నవంబరు 7. స్టీవ్ జాబ్స్, 1955 ఫిబ్రవరి 24. టిమ్ బెర్నర్స్-లీ, 1955 జూన్ 8. చిరంజీవి, 1955 ఆగస్టు 22. బిల్ గేట్స్, 1955 అక్టోబరు 28. అందరి జాతకాల్లోనూ శని తులారాశిలో ఉన్నాడు. తుల శనికి ఉచ్చస్థానం. "ఇంతమంది విషయంలో కాకతాళీయమేనా? దీనికి నీ సమాధానమేమిటి?" అని చివర మిత్రుడి ప్రశ్న.

సమాధానం చెప్పే ముందు పట్టికను సరిచూడటం ధర్మం కనుక, పంచాంగం గణించే సాఫ్ట్‌వేరులో ఒక్కొక్క తేదీనీ వేసి చూశాను. అన్నీ సరిపోయాయి. లాహిరి అయనాంశ ప్రకారం ఆ అయిదుగురికీ శని తులలోనే ఉన్నాడు. పట్టికలో ఒక్క అబద్ధం కూడా లేదు. అబద్ధం లేని పట్టిక మనల్ని పొరపాటు తీర్మానానికి ఎలా తీసుకుపోతుందన్నదే ఈ టపాలో నేను చెప్పదలచుకున్న సంగతి.

శనికి మందుడని పేరు. శనైశ్చరుడంటేనే మెల్లగా నడిచేవాడు. సూర్యుని చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి ఆయనకు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు పడుతుంది. అంటే ఒక్కొక్క రాశిలో సుమారు రెండున్నరేళ్ళు ఉంటాడు. చంద్రుడు రెండుంపావు రోజుల్లో దాటిపోయే దూరమది. 1953 ద్వితీయార్ధం నుండి 1955 నవంబరు దాకా శని తులలో ఉన్నాడు. కాబట్టి ఆ రెండేళ్ళ పైచిలుకు కాలంలో ఈ భూమి మీద పుట్టిన ప్రతి శిశువుకూ శని ఉచ్చలోనే ఉన్నాడు. ఆ రోజుల్లో ప్రపంచంలో ఏడాదికి సుమారు పది కోట్ల మంది పుట్టేవారు. మొత్తం కలిపితే ఇరవై కోట్ల పైమాట. అందులో అయిదుగురి పేర్లు మనకు వచ్చిన పట్టికలో ఉన్నాయి.

మిగిలినవారి మాటేమిటి? అప్పటి మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో నూరుమందికి పైగా ఏడాది నిండకుండానే పోయేవారు. వాళ్ళ జాతకాల్లోనూ శని ఉచ్చలోనే ఉన్నాడు. వాళ్ళ జాతకాలు ఎవరూ రాయించలేదు, రాయించినా దాచలేదు. ప్రసిద్ధుల పట్టికలన్నీ ఇలా మరుగునపడిన లెక్కల మీదే నిలబడి ఉంటాయి.

ఈ విషయంలో నాకింత పట్టుదల ఎందుకో కూడా చెప్పాలి.

మా బాబాయి మన్మథ నామ సంవత్సరం ఆషాఢ శుద్ధంలో, అంటే 1955లో, దీపాలు పెట్టి గంట గడిచాక పుట్టాడు. మకర లగ్నం. లగ్నాధిపతి శని దశమంలో ఉచ్చలో ఉన్నాడు. మా తాతగారు స్వయంగా గణించి పసుపు పూసిన కాగితం మీద రాసిన ఆ చక్రం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. దాన్ని కూడా మొన్న సరిచూశాను. పంచాంగం, పలకా బలపం తప్ప వేరే సాధనం లేని మనిషి వేసిన లెక్క ఎక్కడా తప్పలేదు. ఆ విద్య పట్ల నాకున్న గౌరవం ఈ టపాతో తగ్గేది కాదు. కాగితం కింద తాతగారు రాసుకున్న ఫలమే వేరే సంగతి: "శశ మహాపురుష యోగం. గ్రామాధిపతి, దండనాయకుడు కాగలడు. వేలమందికి అన్నం పెట్టును."

బాబాయి తెనాలిలో ఒక అచ్చాఫీసులో కంపోజిటరు అయ్యాడు. చేతిలో స్టిక్కు పట్టుకుని, గళ్ళపెట్టెల ముందు నిలబడి, సీసపు అక్షరాలను తలకిందులుగా ఒక్కొక్కటే ఏరి పేర్చే పని. తెలుగుకు గుణింతాలూ ఒత్తులూ ఎక్కువ కాబట్టి పెట్టెలూ ఎక్కువే. బాబాయి చెయ్యి చూడకుండానే గడి దగ్గరకు వెళ్ళేది. చిన్నప్పుడు పక్కన నిలబడి చూసేవాణ్ణి. పెళ్ళి శుభలేఖలు, పంచాంగాలు, కళాశాల సంచికలు, ఇద్దరు ముగ్గురు కవుల తొలి పుస్తకాలు ఆయన చేతుల మీదుగా వెళ్ళాయి. వాటిలో ఎక్కడా ఆయన పేరు ఉండదు.

శని ఫలం ముప్ఫయ్యారో ఏట పూర్తిగా అందుతుందని ఒక నమ్మకం ఉంది. బాబాయికి ముప్ఫయ్యారు వచ్చేసరికి 1991. మరో మూడేళ్ళకు ఆ అచ్చాఫీసులో గళ్ళపెట్టెలు తూకానికి వెళ్ళిపోయాయి. కంప్యూటరు, లేజర్ ప్రింటరు వచ్చాయి. 1984లో మెకింటాష్, 1985లో లేజర్‌రైటర్, పేజ్‌మేకర్ వచ్చాక ప్రపంచమంతటా మొదలైన డీటీపీ తెనాలి దాకా రావడానికి పట్టిన వ్యవధి అది. మెకింటాష్ వెనక ఉన్న స్టీవ్ జాబ్స్ మా బాబాయికి నాలుగు నెలలు పెద్ద. ఇద్దరికీ శని ఒకే రాశిలో ఉన్నాడు. ఒకరు తెచ్చిన పనిముట్టుతో రెండోవారి పని పోయింది. ఏ పట్టికలోనూ ఈ రెండు జాతకాలూ పక్కపక్కన కనపడవు.

విజయవాడ వెళ్ళి డీటీపీ నేర్చుకోమని స్నేహితులు చెప్పారు. అక్షరం తెలిసినవాడికి ఆరు నెలల పని. కానీ శని మహర్దశ రాబోతోందనీ, అప్పుడు వెతుక్కుంటూ వస్తుందనీ ఊళ్ళో ఒక పెద్దాయన చెప్పాడు. చెడ్డవాడు కాదు, డబ్బు కూడా తీసుకోలేదు. బాబాయి రెండేళ్ళు ఎదురుచూశాడు. తరువాత బట్టల కొట్లో గుమాస్తాగా చేరాడు.

పని పోవడం కన్నా పెద్ద దెబ్బ మరొకటి ఉంది. "జాతకం బంగారం లాంటిది, మనిషే నిలబెట్టుకోలేకపోయాడు" అని మా ఇంట్లో ఒక మాట స్థిరపడిపోయింది. పిన్ని అనేది, అత్తలు అనేవారు, ఎవరూ లేనప్పుడు బాబాయి తనకు తానే అనుకునేవాడు. చక్రం తప్పై ఉండవచ్చునన్న అనుమానం ఎవరికీ రాలేదు. ప్రసిద్ధుల పట్టిక చదివి ఆనందించే వారికి అందులో హింస కనపడదు. ఆ పట్టికలో ఉండవలసినవాడివి ఎందుకు లేవని ఒక మనిషిని జీవితాంతం అడిగితే తెలుస్తుంది.

జ్యోతిషం తెలిసినవారు దీనికి జవాబు చెప్పకపోరు. రాశి ఒక్కటీ చూస్తే చాలదు, లగ్నం చూడాలి అంటారు. సరే, చూద్దాం. శని స్వక్షేత్రంలో గాని ఉచ్చలో గాని ఉండి, లగ్నానికి కేంద్రమైతే శశ యోగం. శని తులలో ఉంటే మేష, కర్కాటక, తుల, మకర లగ్నాల వారికి అది సిద్ధిస్తుంది. పన్నెండింటిలో నాలుగు. అంటే ఆ ఇరవై కోట్లలో సుమారు మూడోవంతు, ఆరున్నర కోట్ల మంది, ఈ ఒక్క యోగంతోనే మహాపురుషులు కావాలి.

అప్పుడు శని వక్రించాడని మరొకరు అంటారు. ఉచ్చలో వక్రిస్తే నీచఫలం ఇస్తాడని ఒక మతం. బాబాయి పుట్టిననాడు శని వక్రంలో ఉన్న మాట నిజమే. ఈ వివరణ మా ఇంట్లో కొన్నాళ్ళు బాగా చెల్లింది. అయితే ప్రపంచానికి వెబ్‌ను ఇచ్చిన బెర్నర్స్-లీ పుట్టిన జూన్ 8న కూడా శని వక్రంలోనే ఉన్నాడు. ఆయన పేరు పట్టికలో నిక్షేపంగా ఉంది.

దీనికి రెండో వైపు కూడా చూడాలి. శనికి మేషం నీచ. విశ్వనాథన్ ఆనంద్ (1969 డిసెంబరు 11), పెలే (1940 అక్టోబరు 23), జాన్ లెనన్ (1940 అక్టోబరు 9), ముగ్గురికీ శని మేషంలో ఉన్నాడు. కావాలంటే "నీచ శని మహానుభావులు" అని ఇంకో పట్టిక ఈ పూటే తయారు చేయవచ్చు. దానికీ సమాధానం సిద్ధంగా ఉంది: నీచభంగ రాజయోగం. ఉచ్చ అయితే యోగం, నీచ అయితే భంగయోగం. మనిషి గెలిచాక చక్రంలో గెలుపు కనపడుతుంది, ఓడాక ఓటమి కనపడుతుంది.

ఇది కొత్త సంగతీ కాదు. వాల్మీకి బాలకాండ పద్దెనిమిదో సర్గలో శ్రీరాముని జననవేళ కర్కాటక లగ్నమనీ, అయిదు గ్రహాలు ఉచ్చలో ఉన్నాయనీ చెప్పాడు. ఆ అయిదింటిలో శని ఒకడని సంప్రదాయం. అంటే చతుర్థంలో ఉచ్చ శని, సప్తమంలో ఉచ్చ కుజుడు. రాజ్యం చూపించవలసి వస్తే ఉచ్చ గ్రహాలను చూపిస్తారు. అరణ్యవాసం, సీతావియోగం చెప్పవలసి వస్తే అదే శనినీ అదే కుజుణ్ణీ చూపిస్తారు. కథ ముందే తెలిసినవారికి ఆ చక్రం కథ మొత్తం చెబుతుంది. కథ తెలియనివారికి ఏం చెబుతుందన్నదే ప్రశ్న.

పైగా అదే ఆకాశాన్ని పాశ్చాత్య జ్యోతిష్కుడు చూస్తే ఈ అయిదుగురికీ శని తులలో లేడంటాడు. ఆయన రాశులను వసంత విషువత్తు నుండి లెక్కిస్తాడు, మనం నక్షత్రాల నుండి లెక్కిస్తాం. 1955 నాటికి ఆ రెంటి మధ్య తేడా ఇరవై మూడు భాగల పైచిలుకు. ఆయన లెక్కలో శని వృశ్చికం. ఉచ్చస్థానం మాత్రం ఆయనకూ తులే. ఈ అయిదుగురినీ ఆయన "వృశ్చిక శని మహానుభావులు" అని వేరే కారణాలతో వేరే పట్టికలో చేర్చగలడు. చదివినవారు దానికీ తల ఊపుతారు.

మరి దీన్ని సరిగా పరీక్షించినవారు లేరా అంటే ఉన్నారు. ఫ్రాన్సులో మిషెల్ గోక్లాఁ 1955లోనే, అవును, అదే సంవత్సరం, తన తొలి పుస్తకంలో ప్రసిద్ధుల జాతకాల గణాంకాలు ప్రకటించాడు. పేరుపడ్డ క్రీడాకారులు పుట్టిన వేళల్లో కుజుడు ఉదయిస్తూనో నడినెత్తిన దాటుతూనో ఉండటం మామూలుగా రావలసిన పదిహేడు శాతం కన్నా ఎక్కువగా, ఇరవై రెండు శాతం దాకా వస్తోందన్నాడు. ఆయన గొప్పతనం ఏమిటంటే ప్రసిద్ధులను మాత్రమే లెక్కించి ఊరుకోలేదు, సామాన్యుల జనన వేళలను కూడా వేలకొద్దీ సేకరించి పక్కన పెట్టాడు. దాని మీద దశాబ్దాల పాటు వాదోపవాదాలు జరిగాయి. చివరకు ఫ్రాన్సులోనే 1066 మంది క్రీడాకారులతో చేసిన స్వతంత్ర పరీక్ష ఫలితాలు 1996లో వెలువడ్డాయి. ఆ ప్రభావం కనపడలేదు. ప్రసిద్ధుడెవరు, ఎవరిని పట్టికలో చేర్చాలి అన్న ఎంపిక దగ్గరే మొగ్గు వచ్చి ఉంటుందన్నది విమర్శకుల ముఖ్యమైన ఆక్షేపణ.

మన దేశంలో జయంత్ నార్లీకర్, ఆయన సహచరులు పుణెలో చేసిన పరీక్ష 2009లో ప్రచురితమైంది. చదువులో చురుకైన పిల్లల జాతకాలు నూరు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల జాతకాలు నూరు తీసుకున్నారు. ఒక్కొక్క జ్యోతిష్కుడికి నలభై ఇచ్చి ఏది ఏ కోవదో చెప్పమన్నారు. ఇరవై ఏడుగురు జవాబులు పంపారు. సగటున సరిపోయినవి నూటికి నలభై ఆరు. బొమ్మా బొరుసూ వేసినా సగం సరిపోవాలి. ఇక్కడ కథ ముందే తెలియదు. తేడా అంతా అదే.

కనుక నా మనవి ఒక్కటే. జ్యోతిషం మీద నమ్మకం ఉన్నవారు ఉండండి, దానితో నాకు పేచీ లేదు. కానీ ఇలాంటి పట్టిక చేతికొచ్చినప్పుడు అందులో ఎవరున్నారని మురిసిపోయే ముందు, అదే గ్రహం అదే రాశిలో ఉండీ అందులో లేనివాళ్ళు ఎంతమందో అడగండి. మన ఇళ్ళలోనే ఒకరిద్దరు దొరుకుతారు. వాళ్ళు దేన్నీ పోగొట్టుకోలేదు. వాళ్ళకు ఎవరూ ఏమీ బాకీ పడలేదు. నిలబెట్టుకోలేకపోయారన్న మాట మాత్రం వాళ్ళ మీదినుంచి తీసివేయాలి.

మొన్న తెనాలి వెళ్ళినప్పుడు ఆ పట్టికను బాబాయికి చూపించాను. ఇప్పుడాయనకు డెబ్బయ్యేళ్ళు. కళ్ళజోడు పైకి తోసుకుని ఫోను దగ్గరగా పెట్టుకుని పైనుంచి కిందికి నిదానంగా చదివాడు. శశ యోగం గురించి ఏమైనా అంటాడేమో, పాత నిట్టూర్పు వస్తుందేమో అని చూస్తున్నాను.

"ఎవర్రా దీన్ని దిద్దింది?" అన్నాడు. "శీర్షికలోనే తప్పు. ఉచ్ఛ కాదు, ఉచ్చ. చకు చ ఒత్తే. మా రోజుల్లో ఇలాంటి ప్రూఫు మిషను మీదికి వెళ్ళేది కాదు."