కార్ట్రిడ్జికి కుంకుమ బొట్టు

ఆయుధపూజ నాటి రాత్రి ఒంటిగంటన్నరకి లైబ్రరీ ఆగిపోయింది. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, కంపెనీ డేటాను టేపుల మీద దాచే యంత్రం. చూడ్డానికి బీరువాలా ఉంటుంది. లోపల గూళ్లనిండా అరచేతిలో ఇమిడే కార్ట్రిడ్జులు, వాటిని తీసి డ్రైవులో పెట్టే రోబో చెయ్యి. దాన్ని మేం పికర్ అంటాం. హైదరాబాద్‌లో ఈ బీరువా బాగోగులు చూస్తూ నాకు పద్దెనిమిదేళ్లు గడిచాయి.

పదకొండు స్లాట్లలో బార్‌కోడ్ చదవలేకపోతున్నానని తెర మీద చూపిస్తోంది. షిఫ్టులో ఉన్న కుర్రాడు పికర్ పోయిందని తేల్చేసి, సర్వీసు కాల్ కూడా పెట్టేశాడు. ఒక కార్ట్రిడ్జిని బయటికి తెప్పించి చూద్దును కదా, ఎనిమిది అక్షరాల బార్‌కోడ్ లేబుల్‌కి నట్టనడుమ గంధం, దాని మీద కుంకుమ! ఆడిటర్లు అడిగిన పాత లెక్కల కోసం ఆ సాయంత్రమే టేపులు దాచే వాల్ట్ నుంచి వచ్చిన టేపులవి. పూజ అయ్యాకే లోపల పెట్టారు. అటెండర్‌ని అడిగితే, "కంప్యూటర్లకి పెట్టినం గద సార్, వీటికి పెట్టకుంటే ఎట్ల?" అన్నాడు. ఏం జవాబు చెప్పను?

బార్‌కోడ్ సంగతి సరే, నాకు భయమేసింది కుంకుమ పొడికి. అది డ్రైవు లోపలికి వెళ్లి చదివే హెడ్ మీద పడితే డ్రైవు టేపును చదవదు. తెల్లారేదాకా పదకొండింటినీ పొడిబట్టతో తుడిచి, పాత లేబుళ్లు జిగురు మిగలకుండా ఊడదీసి, అవే నంబర్లతో కొత్తవి అంటించాం. స్లాట్ల లెక్క చూసే ఇన్వెంటరీ మళ్లీ నడిపితే అన్నీ కనిపించాయి. పికర్‌కి ఏ రోగమూ లేదు.

లైబ్రరీ ఆగితే అందరి వేలూ ముందు రోబో మీదికే పోతుంది. నేను మాత్రం ఈ కార్ట్రిడ్జిని చివరిగా ఎవరు ముట్టుకున్నారని అడుగుతాను. ఒకసారి 'నెలాఖరు' అని పెన్నుతో రాసిన కాగితం ముక్క అంటించారు. దాని అంచు లేచి స్లాట్‌కి పట్టేసింది. పికర్ లాగింది, రాలేదు, మళ్లీ లాగింది, చివరికి చేతులెత్తేసింది.

కింద పడిన టేపు ఇంకా ప్రమాదం. పైకి చిన్న గీత కూడా కనిపించదు. లోపల టేపు కొసన లీడర్ పిన్ అని సన్నటి లోహపు ముక్క ఉంటుంది, డ్రైవు దాన్ని పట్టుకునే టేపును లాక్కుంటుంది. అది పక్కకి జరిగితే టేపు లోడ్ కాదు. అప్పుడు మనవాళ్లు చేసే పని, అదే టేపును రెండో డ్రైవులో పెట్టి చూడటం. రెండోదీ పాడవచ్చు! ముందు కార్ట్రిడ్జి తలుపు తెరిచి పిన్ చూడాలి. డ్రైవు మీద అనుమానముంటే మంచి టేపు పెట్టి పరీక్షించాలి. మే నెల ఎండలో బైక్ మీద వచ్చిన పెట్టెలోని టేపులను నేరుగా ఏసీ గదిలో లోడ్ చేయడం మరో తొందరపాటు. ఒక రోజు ఆ గదిలోనే ఉంచాలి.

ఈ కాలంలో టేపులేమిటని నవ్వేవాళ్లున్నారు. 2011 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ లోపంతో కొందరి జీమెయిల్ ఖాతాలు ఖాళీ అయితే గూగుల్ ఆ మెయిళ్లను తిరిగి తెచ్చింది టేపుల నుంచే. ఇవాళ ఒక ఎల్‌టీఓ-9 రకం కార్ట్రిడ్జిలో 18 టెరాబైట్లు పడతాయి. అంత సరుకును మోసేది అటెండరూ, కొరియర్ కుర్రాడూ. ట్రైనింగ్‌కి పిలిచేది మాత్రం ఇంజినీర్లను. వాళ్లలో చాలామంది కార్ట్రిడ్జిని చేత్తో పట్టుకుని ఏళ్లయింది. ఈ తలకిందుల వ్యవహారాన్ని సరిచేయకుండా వార్షిక నిర్వహణకు ఎంత పోసినా దండగే.

మేనేజర్లకి నాదొక విన్నపం. ఈసారి ట్రైనింగ్‌లో ముందు వరుసలో అటెండర్‌ని కూర్చోబెట్టండి. వచ్చే దసరాకి బొట్టు బీరువా తలుపుకి పెట్టించండి.