తెర పెద్దదైతే ఆకాశం పెద్దదవుతుందా?

ఇంట్లోనే విమానం నడిపే సరదా ఉన్నవాళ్లు టీవీ షాపుకి వెళ్లేముందు టేపు పట్టుకోవాలి... ఎందుకంటే!

విజయవాడలో ఓ మధ్యతరగతి ఇల్లు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న అబ్బాయికి విమానాలంటే ప్రాణం. పుస్తకాలు మూసెయ్యగానే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో గన్నవరం రన్‌వే మీంచి పైకి లేస్తాడు. ప్రకాశం బ్యారేజీ మీదుగా ఓ చక్కరు కొట్టి, దుర్గమ్మ కొండ పక్కనుంచి తిరిగి మళ్లీ గన్నవరంలోనే దిగుతాడు. పక్కనే కుర్చీ వేసుకుని తాతయ్య. ఆయనే కో పైలట్!

‘ఒరేయ్, అదిగో కృష్ణ... కాస్త కిందికి దించు, మన వీధి కనపడుతుందేమో’ అంటారాయన. అంతా బాగానే ఉంది కానీ, వచ్చిన చిక్కల్లా తెరతోనే. బల్లమీద ఉన్నది 24 అంగుళాల పాత మానిటర్. విమానం ఎత్తు ఎంతో, వేగం ఎంతో చూపించే మీటర్లలో అంకెలు తాతయ్యకి ఆనవు.

‘నాన్నా, హాల్లో 65 అంగుళాల టీవీ కొనేద్దాం. టీవీకి టీవీ, సిమ్యులేటర్‌కి సిమ్యులేటర్. తాతయ్యకీ బాగా కనిపిస్తుంది’ అన్నాడు అబ్బాయి. నాన్న మనసులో ఈఎంఐ లెక్కలు మొదలయ్యాయి. అమ్మ మాత్రం ఏమీ అనకుండా లేచి, కుట్టుమిషన్ సొరుగులోంచి టేపు తీశారు. ఆవిడ లెక్కల టీచరు మరి!

సోఫాలో తల ఆనే చోటు నుంచి టీవీ గోడ దాకా కొలిస్తే మూడు మీటర్లు. 65 అంగుళాల టీవీ వెడల్పు 144 సెంటీమీటర్లు. అంత దూరం నుంచి చూస్తే అది కంటి ముందు పరుచుకునేది 27 డిగ్రీలే. మరి పాత 24 అంగుళాల మానిటర్? దాని వెడల్పు 53 సెంటీమీటర్లు. కానీ అబ్బాయి కూర్చునేది 60 సెంటీమీటర్ల దూరంలో. కాబట్టి 48 డిగ్రీలు! అంటే... వేలకు వేలు పోసి కొనబోయే పెద్ద టీవీ కన్నా బల్లమీదున్న పాత మానిటరే పెద్ద కిటికీ అన్నమాట.

కిటికీ లెక్క

ఫ్లైట్ సిమ్యులేటర్‌కి తెర ఎంచుకునేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే. సినిమాకైతే తెర బొమ్మ. సిమ్యులేటర్‌కి అది కాక్‌పిట్ కిటికీ. కిటికీ ఎంత పెద్దదన్నది ఒక్కటే కాదు, దానికి ఎంత దగ్గరగా నిలబడ్డామన్నదీ ముఖ్యమే. రైల్లో చిన్న కిటికీ అయినా దానికి ముఖం ఆనించి చూస్తే ఊరంతా కనపడుతుంది. అవతలి వరస సీట్లోంచి చూస్తే రెండు తాటిచెట్లు తప్ప ఏమీ కనపడవు.

కళ్లముందు 60 డిగ్రీల దృశ్యం కావాలంటే 32 అంగుళాల తెరని 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకోవాలి. 43 అంగుళాలదైతే 80 సెంటీమీటర్లు దాటగానే ఉంచాలి. 55 అంగుళాలకి మీటరు, 65 అంగుళాలకి మీటరుంబావు. వీటిలో ఏది కొన్నా కనపడే ఆకాశం ఒక్కటే! గుర్తుపెట్టుకోవడానికి తేలిక సూత్రం: తెర వెడల్పు ఎంతో, దానికన్నా కాస్త తక్కువ దూరంలో కూర్చోవాలి.

‘దూరమైతే ఏమైంది, సిమ్యులేటర్‌లో జూమ్ తగ్గించుకుంటే అంతా కనిపిస్తుందిగా’ అనిపించవచ్చు. కనిపిస్తుంది. కానీ 60 డిగ్రీల ప్రపంచాన్ని 27 డిగ్రీల కిటికీలో కుక్కితే అన్నీ సగానికన్నా చిన్నవైపోతాయి. రన్‌వే ఉన్నదానికన్నా దూరంగా అనిపిస్తుంది. నేల ఇంకా చాలా కింద ఉందనుకుంటూ ఉండగానే చక్రాలు దబ్బున తగులుతాయి. ల్యాండింగ్ కుదరడం లేదని నెలల తరబడి వాపోయే కుర్రాళ్లలో కొందరి సమస్య చేతుల్లో కాదు, కుర్చీ వేసుకున్న చోటులో ఉంటుంది.

చుక్కల్లో రన్‌వే

దగ్గరగా కూర్చోవాలనగానే రెండో ప్రశ్న వస్తుంది. తెరమీద చుక్కలు కంటికి కొట్టొచ్చినట్టు కనపడవూ? కనపడతాయి, ఫుల్ హెచ్‌డీ టీవీ అయితే. అందులో ఉండేవి 20.7 లక్షల పిక్సెళ్లు. 32 అంగుళాలున్నా అన్నే, 55 అంగుళాలున్నా అన్నే. తెర పెరిగేకొద్దీ చుక్క లావెక్కుతుంది. 4కే తెరలో అయితే దానికి నాలుగు రెట్లు, దాదాపు 83 లక్షల పిక్సెళ్లుంటాయి.

తేడా ఎంతో ఓ ఉదాహరణ చూద్దాం. 45 మీటర్ల వెడల్పున్న రన్‌వే ఇంకా పది కిలోమీటర్ల దూరంలో ఉంది. మీటరు దూరంలో పెట్టిన తెరమీద అది అసలు కొలతల్లో కనిపించాలంటే నాలుగున్నర మిల్లీమీటర్లుండాలి. 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో ఆ నాలుగున్నర మిల్లీమీటర్లలో పట్టేవి ఏడు చుక్కలు. అదే సైజు 4కే టీవీలో 14. ఏడు చుక్కల్లో అది రన్‌వేనో, రోడ్డో తెలియదు. 14 చుక్కలుంటే పోల్చుకోవచ్చు. మంచి చూపున్న కంటికి మీటరు దూరంలో విడివిడిగా కనపడేవి ఇంచుమించు 0.3 మిల్లీమీటర్ల ఎడం ఉన్న చుక్కలు. 55 అంగుళాల 4కే తెరలో చుక్క సైజూ అంతే. అందుకే ఆ దూరానికి 4కే ఆడంబరం కాదు, అవసరం.

రన్‌వే పక్కన నాలుగు దీపాలుంటాయి. రెండు తెల్లగా, రెండు ఎర్రగా కనిపిస్తే విమానం సరైన ఎత్తులో దిగుతున్నట్టు. నాలుగూ ఎర్రబడితే మరీ కిందికి వచ్చేసినట్టు. నాలుగూ తెల్లగా ఉంటే ఇంకా బాగా ఎత్తులో ఉన్నట్టు. ఆ దీపాలు కలిసిపోయి ఒకే మరకలా కనిపిస్తే ఇక పైలట్‌కి దిక్కేది?

అయితే ఒక్క మాట. చుక్కలు నాలుగు రెట్లు పెరిగితే వాటికి రంగులు వెయ్యాల్సిన గ్రాఫిక్స్ కార్డు మీదా ఆ మేరకు భారం పెరుగుతుంది. ఉన్న డబ్బంతా తెరకే పెట్టేస్తే విమానం ఎగరడం మానేసి ఎగిరెగిరి పడుతుంది. తెరకి ఎంత, కార్డుకి ఎంత అని ముందే పంచుకోవాలి. కార్డు ఇప్పట్లో మార్చలేమనుకుంటే 27 అంగుళాల 1440పీ మానిటర్ మధ్యేమార్గం. దాన్లో చుక్కలు 4కేలో సగంకన్నా తక్కువే. కానీ తెర చిన్నది కాబట్టి నాణ్యంగానే ఉంటుంది.

మీరు నడిపేది ఏ విమానం?

ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ 1929లో పైలట్ల శిక్షణ కోసం ఓ యంత్రం తయారుచేశాడు. వాళ్లది ఆర్గన్లు తయారుచేసే కుటుంబం. ఆ వాద్యాల్లో వాడే గాలితిత్తులతోనే ఆ బుల్లి విమానాన్ని అటూ ఇటూ ఒరిగేలా చేశాడు. దానికసలు తెరే లేదు! శిష్యుణ్ని లోపల కూర్చోబెట్టి పైన మూత వేసేసేవాళ్లు. మబ్బుల్లో చిక్కుకున్నప్పుడు మీటర్లు మాత్రమే చూసి విమానం నడపడం అలా నేర్పేవాళ్లు.

ఆ పాఠం ఇప్పటికీ పనికొస్తుంది. ఎయిర్‌బస్, బోయింగ్‌లాంటి పెద్ద విమానాలు నడిపే సరదా ఉంటే ఎక్కువసేపు చూసేది మీటర్లనీ, అంకెలనీ. కాబట్టి వెడల్పు కన్నా స్పష్టత ముఖ్యం. తెరకి ఎత్తు కూడా కావాలి. పైన రన్‌వే, కింద మీటర్లు రెండూ పట్టాలి కదా. 49 అంగుళాల పొడవాటి మానిటర్ చూడ్డానికి అబ్బో అనిపిస్తుంది. కానీ దాని ఎత్తు మామూలు 27 అంగుళాల మానిటర్ ఎత్తే!

సెస్నాలాంటి చిన్న విమానంతో రన్‌వే చుట్టూ తిరిగి దిగడం ఇష్టమా? అప్పుడు రన్‌వే ఉండేది ముందు కాదు, ఎడమ భుజం పక్కన. 60 డిగ్రీల కిటికీలో కనిపించేది నడిమధ్య నుంచి అటు 30, ఇటు 30. పక్కనున్న రన్‌వేని ఎంత పెద్ద టీవీ అయినా చూపించలేదు. దానికి మూడు మానిటర్లు వంచి పెట్టుకోవాలి. లేదంటే తల తిప్పితే దృశ్యం తిరిగే హెడ్ ట్రాకింగ్ వాడుకోవాలి. వెబ్ కెమెరాతోనే ఆ పని చేసే ఉచిత సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. పెద్ద టీవీకి డబ్బు కట్టేముందు ఓసారి అది ప్రయత్నిస్తే పోయేదేమీ లేదు.

షాపులో అడగాల్సినవి

టీవీనే ఎంచుకుంటే కొన్ని చూసుకోవాలి. టీవీలు బొమ్మని మెరుగుపరచడానికి కాస్త సమయం తీసుకుంటాయి. సినిమాకి అది తెలియదు. యోక్ తిప్పాక విమానం ఆలస్యంగా ఒరిగితే మాత్రం తెలిసిపోతుంది. గేమ్ మోడ్ ఉంటే ఆ ఆలస్యం తగ్గుతుంది.

కంప్యూటర్‌కీ టీవీకీ రెండింటికీ కనీసం హెచ్‌డీఎంఐ 2.0 ఉండాలి. పాత 1.4 అయితే 4కే దృశ్యం సెకనుకి 30 సార్లకి మించి మారదు.

వీలైతే సొంత ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి టీవీకి తగిలించండి. నల్లటి నేపథ్యం మీద చిన్న ఎర్ర అక్షరాలు పెట్టి చూడండి. అంచులు అలుక్కుపోయినట్టుంటే మీటర్లూ అలాగే కనపడతాయి. సెట్టింగుల్లో పీసీ మోడ్ పెట్టినా మారకపోతే ఆ టీవీ మీకు కాదు.

ఓఎల్‌ఈడీ తెరలో నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. రాత్రిపూట ల్యాండింగ్ అద్భుతంగా కనిపిస్తుంది. కానీ కదలని మీటర్ల బొమ్మ రోజూ గంటలకొద్దీ అక్కడే ఉంటే దాని మచ్చ తెరమీద ఉండిపోయే ప్రమాదం ఉంది. పక్కన తాతయ్యలాంటి కో పైలట్ ఉంటే ఐపీఎస్ తెర నయం. పక్కనుంచి చూసినా రంగులు వెలిసిపోవు. ప్రొజెక్టర్ అయితే గది చీకటి చెయ్యాల్సిందే. పగలు కిటికీలు తెరిచి ఉంటే ఆకాశం, నేల అన్నీ పాలిపోతాయి.

ఇక ఎత్తు. సిమ్యులేటర్‌లో నేలా నింగీ కలిసే గీత కూర్చున్నవాళ్ల కళ్ల ఎత్తులో ఉండాలి. గోడకి పైన బిగించిన టీవీ అయితే తల ఎత్తి చూసి చూసి మెడ పట్టేస్తుంది. ప్రతి 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమంటారు కంటి డాక్టర్లు. విమానాన్ని ఆటోపైలట్‌కి అప్పగించి ఆ పని చెయ్యొచ్చు!

పాత పేపర్ల టీవీ

మళ్లీ విజయవాడ ఇంటికొద్దాం. అమ్మ లెక్క చెప్పినా అబ్బాయికి నమ్మకం కుదరలేదు. దాంతో తాతయ్య పాత పేపర్లు తీశారు. వాటిని అతికించి మూడు ముక్కలు కత్తిరించారు. 32 అంగుళాలకి 71 సెంటీమీటర్ల వెడల్పు, 40 ఎత్తు. 43కి 95, 54. 55కి 122, 69. ఒక్కోదాన్నీ అట్టకి అంటించి బల్ల వెనక అంచున నిలబెట్టి, కుర్చీలో కూర్చుని చూశారు.

యోక్ బల్ల ముందంచుకి బిగించి ఉంటుంది కాబట్టి ముఖానికీ తెరకీ మధ్య 80 సెంటీమీటర్లు వచ్చింది. 55 అంగుళాల పేపరు పై అంచు చూడ్డానికి తల ఎత్తాల్సి వచ్చింది. 32ది ఆ దూరానికి చిన్నదిగా అనిపించింది. 43ది అతికినట్టు సరిపోయింది. పాత మానిటర్‌తో పోలిస్తే మీటర్లు మూడోవంతు పెద్దవిగా కనపడతాయని అమ్మ లెక్క తేల్చారు.

తాతయ్య చదువుకునే కళ్లజోడు పెట్టుకుని చూస్తే పేపర్లో శీర్షికలు మసకబారాయి. దూరపు చూపు జోడుతోనూ అంతే. ఇది రెండింటికీ మధ్య దూరం. కళ్లజోడు షాపులో ఆ దూరమే చెప్పి అద్దాలు చేయించుకుంటే సరిపోతుందని తేలింది. ఇన్నాళ్లూ తప్పంతా మానిటర్‌దే అనుకున్నారు. సగం తప్పు కళ్లజోడుది!

హాల్లో టీవీ హాల్లోనే ఉండిపోయింది. 43 అంగుళాల 4కే తెరకి నాన్న సరేనన్నారు. 65 అంగుళాలకని అనుకున్న డబ్బులో మిగిలింది గ్రాఫిక్స్ కార్డు కోసం పక్కన పెట్టారు. ఆ పైన ఒక మాట కూడా చెప్పారు. ‘నిజంగా పైలట్ కావాలంటే కమర్షియల్ లైసెన్సుకి 200 గంటలు ఆకాశంలో ఎగరాలిరా. ఇంట్లో ఎగిరిన గంటలు లాగ్‌బుక్‌లోకి ఎక్కవు. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ మార్కులు మాత్రం ఎక్కుతాయి.’

అబ్బాయి తలూపాడు. ఆ సాయంత్రం పుస్తకం ముగించాకే కుర్చీలో కూర్చున్నాడు. కొత్త తెర ఇంకా రాలేదు. పాత మానిటరే. కాకపోతే కుర్చీని కాస్త ముందుకి జరుపుకున్నాడు. గన్నవరం రన్‌వే దగ్గరకొచ్చింది. ఈసారి చక్రాలు మెత్తగా తగిలాయి.

‘శభాష్... నాకీ అంకెలు కనపడకపోయినా ల్యాండింగ్ బాగుందని తెలిసిందిరా’ అన్నారు కో పైలట్!