దొరకు జరీ కోటు, జెనెవీవ్‌కు కొలబద్ద

ఫ్రాన్సులో మోంబార్ అనే ఊళ్లో, మ్యూజియంలో ఒక తైలవర్ణ చిత్రం ఉంది. గీసినవాడు ద్రువే. అందులో ఉన్నది ప్రకృతి శాస్త్రజ్ఞుడు బుఫాన్ ప్రభువు. ఎర్ర కోటు, బంగారు జరీ, తెల్లని లేసు. ఏమి ఠీవి! కోటుతోనే పుట్టాడేమో అనిపిస్తుంది.

కాదు. 1707లో పుట్టినప్పుడు ఉత్త లెక్లేర్. తల్లి తరఫున ఒక పన్ను వసూలుదారు ఆస్తి కలిసొస్తే, తండ్రి బుఫాన్ అనే ఊరి మీద దొరతనం కొన్నాడు. ఊరి పేరే మనిషి పేరైంది. 1772లో రాజు ఆ ఊరి మీద కౌంట్ హోదా ఇచ్చాడు. నిన్న కొన్న దొరతనం ఇవాళ వంశగౌరవం అయిపోవడం మనమెరగని విద్యా?

తెలివిలేదనను. ఇనుప గుండ్లు కాల్చి, అవి చల్లారే కాలాన్ని బట్టి భూమి వయసు సుమారు 75 వేల ఏళ్లని లెక్కగట్టాడు. బైబిలు లెక్క ఆరువేలేనని చర్చి వాదించే రోజుల్లో అది సాహసమే. మనుషులంతా ఒకే జాతి, ఎవరు ఎవరితో కలిసినా బిడ్డలు పుడతారు, ఆ బిడ్డలకూ బిడ్డలు పుడతారు అన్నాడు. అక్కడ ఆగితే నేనే దండేసేవాణ్ణి.

ఆగలేదు. అసలు మనిషి రంగు తెలుపట. మిగతావాళ్లంతా ఎండకీ తిండికీ చెడిపోయిన రకాలట! అందమైన మనుషులుండేది 40, 50 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్యనట. అట్లాసు తీసి చూడండి, మోంబార్ ఎక్కడుందో. సరిగ్గా ఆ మధ్యనే! ముఖంలోంచి పుట్టామని రాసుకున్నోళ్లు మనకీ ఉన్నారు. రాసిందెవరో వేరే చెప్పాలా?

ఇక రెండో బొమ్మ. 1777లో అదే దొరగారి 'ప్రకృతి చరిత్ర' అనుబంధ సంపుటంలో అచ్చయింది. పేరు జెనెవీవ్. డొమినికా దీవిలో నల్లజాతి తల్లిదండ్రులకు పుట్టి, ఒళ్లు తెల్లగా ఉన్న పద్దెనిమిదేళ్ల పిల్ల. దొర ఆమెను నిలబెట్టి ఒళ్లంతా కొలిచి రాసుకున్నాడు. బొమ్మలో ఆమె ఒంటిమీద నూలుపోగు లేదు. జరీ కోటు ఆయనకి, కొలబద్ద ఆ పిల్లకి. ఆమె సిగ్గు, ఆమె భయం ఏ సంపుటంలో వెతకాలి?

ఇట్లాంటి కొలబద్దే తర్వాత మన దాకా వచ్చింది. మద్రాసు మ్యూజియం అధికారి థర్‌స్టన్ దక్షిణాది కులాలవాళ్ల తలలూ ముక్కులూ కొలిచి, 1909లో ఏడు సంపుటాలు వేశాడు. బాబాసాహెబ్ ఏం చేశాడు? 1948 నాటి 'అంటరానివారు' పుస్తకంలో ఘుర్యే ఇచ్చిన ముక్కు కొలతలే ముందు పెట్టి, బ్రాహ్మడూ అంటరానివాడూ ఒకే జాతి, అంటరానితనానికి జాతి మూలం కాదని తేల్చేశాడు. కొలిచినోడి బద్దతోనే వాడి వీపు వాయించడమంటే అదీ!

సైన్సు చెప్పే మన టీచర్లకు ఒక్క మాట. డార్విన్ కంటే ముందువాడని బుఫాన్ పేరు చెబుతారు, చెప్పండి. ఇనుప గుండ్ల లెక్కకి మార్కులూ వెయ్యండి. ఆ పీరియడ్‌లోనే జెనెవీవ్ పేరు కూడా బోర్డు మీద రాయండి.